ఒదిగెడి రెక్కలు

శంషాబాదు విమానాశ్రయమున చిన్నవిమానము నెక్కబోవు ప్రయాణికులు దాని ప్రొపెల్లరును ఒక్క నిమిషము నిదానించి చూచినచో వారికొక వింత కనబడును. ఇంటిలోని ఫ్యానును క్రిందనుండి చూచినపుడు దాని రెక్కలు వెడల్పుగా పరచుకొని కనబడును. ఈ విమానపు ప్రొపెల్లరునకు ఒక్కొక్క వైపున ఆరేసి రెక్కలు కలవు. కాని ఆగియున్న ప్రొపెల్లరును ఎదుటినుండి చూచినపుడు ఆ రెక్కల వెడల్పు కనబడదు. కత్తిని అంచువైపునుండి చూచినట్లు సన్నని గీతలే కానవచ్చును. ప్రక్కకు పోయి చూచినపుడు మాత్రమే అవి ఎంత వెడల్పైనవో తెలియును. విమానము ఆగినపుడు ఎవరో ఒక్కొక్క రెక్కనూ పట్టి మెలిత్రిప్పి నిలిపిరా యనిపించును.

ఈ విమానము పేరు ఏ.టి.ఆర్. 72. ఫ్రాన్సు, ఇటలీ దేశములవారు కలిసి దీనిని నిర్మించుచున్నారు. ఇది 1988 లో మొదటిసారి ఎగిరినది. డెబ్బదిమందిని మోయగలిగి, పొట్టి రన్‌వేల మీద సైతము దిగగలిగినది కావున చిన్న పట్టణములకు మిక్కిలి అనువైనది. 2008 మార్చిలో హైదరాబాదు ప్రయాణికుల విమానములు బేగంపేట నుండి శంషాబాదునకు తరలివచ్చినవి. తరువాత 2015 నుండి 2022 వరకు హైదరాబాదు కేంద్రముగా నడచిన ట్రూజెట్ అను సంస్థ ఈ జాతి విమానములతోనే కడప మొదలగు పట్టణములకు ప్రయాణికులను చేరవేసినది.

రెక్కలు ఇట్లు అంచు ముందుకు చేసి నిలుచుటను ఆంగ్లమున ‘ఫెదరింగు’ అందురు. ‘ఫెదర్’ అనగా ఈక. ఈ మాట గాలిలో పుట్టినది కాదు, నీటి మీద పుట్టినది. పడవ నడపువాడు తెడ్డును నీటిలో అడ్డముగా పట్టి బలముగా లాగును. లాగిన పిమ్మట తెడ్డును నీటినుండి పైకెత్తి మరల ముందుకు కొనిపోవలెను గదా! ఎదురుగాలిలో తెడ్డు పలకను అడ్డముగానే పట్టి ముందుకు త్రోసినచో గాలి దానిని వెనుకకు నెట్టును. కావున నేర్పరియైనవాడు మణికట్టును కొంచెము త్రిప్పి, పలకను బల్లపరుపుగా చేసి, అంచుతో గాలిని కోయుచు ముందుకు తెచ్చును. ఆ త్రిప్పుటకే ఆ పేరు. తెలుగున దీనిని ‘ఒదిగించుట’ యనుట తగును. పక్షి వాలినపుడు రెక్కలను ఒంటికి ఒదిగించుకొనును గదా.

చేటను చేతబట్టి పెనుగాలిలో నిలిచి చూచినచో దీని మర్మమంతయు బోధపడును. చేటను గాలికెదురుగా అడ్డము పట్టినపుడు అది చేతిని వెనుకకు లాగివేయును. అదే చేటను అంచు గాలివైపునకు త్రిప్పినచో పట్టుకొన్నట్లే తోచదు. చేట మారలేదు, గాలి మారలేదు. మారినది వాలు ఒక్కటే.

ప్రొపెల్లరు పనియంతయు ఈ వాలు మీదనే ఆధారపడియున్నది. మరను కొయ్యలో త్రిప్పినచో ఒక్కొక్క చుట్టుకు కొంత కొంత లోనికి దిగును. ప్రొపెల్లరు గాలిలోనో నీటిలోనో దిగు మర వంటిది. రెక్క వాలు తక్కువగా ఉన్నచో ఒక్కొక్క చుట్టుకు కొంచెమే ముందుకు పోవును, యంత్రము తేలికగా తిరుగును. వాలు ఎక్కువైనచో ఒక్కొక్క చుట్టుకు చాల దూరము పోవును, యంత్రమునకు బరువగును. వాలును ఇంకను పెంచుకొనుచు పోయినచో కడపట రెక్క అంచు సరిగా ముందువైపునకు వచ్చి నిలుచును. అపుడది దేనిని నెట్టదు. దానిని కూడ ఏదియు అంతగా నెట్టలేదు. అదియే ఒదిగిన స్థితి.

యంత్రము నడచుచున్నంతసేపు ఒదిగించుటతో పని లేదు. యంత్రము ఆగినపుడే చిక్కు వచ్చును. ముందుకు నడిపించిన రెక్కలే అపుడు అడ్డుగోడలగును. పడవ విషయములో ఇది సులభముగా తెలియును. తెరచాప పడవకు చిన్న యంత్రము కూడ ఉండును. రేవులోనికి వచ్చునపుడు, పోవునపుడు, గాలి పడిపోయినపుడు దానితో పని. సముద్రము మీద గాలి వీచునపుడు యంత్రమును ఆపి చాపలెత్తుదురు. అపుడు పడవ అడుగున ప్రొపెల్లరు ఊరకయే నీటికి అడ్డు నిలిచి పడవను వెనుకకు లాగుచుండును. గాలి ముందుకు లాగుచుండగా తన ఇనుము తన్నే వెనుకకు పట్టుట!

ఈ చిక్కు క్రొత్తది కాదు. 1861 లో పూర్తియైన ‘వారియర్’ అను ఇంగ్లండు యుద్ధనౌకకు తెరచాపలును ఉండెను, ఆవిరియంత్రమును ఉండెను. చాపలతో నడచునపుడు ప్రొపెల్లరు అడ్డురాకుండ దానిని నీటినుండి పైకి లాగి ఓడ వెనుకభాగమున దాచుచుండిరి. దాని బరువు 26 టన్నులు. దానిని పైకెత్తుటకు వందలకొలది నావికులు మోకులు పట్టి లాగవలసివచ్చెడిది. ఒక్క రెక్కను త్రిప్పు ఉపాయము తోచనిచో ఎంత కష్టమో ఈ ఓడయే సాక్ష్యము.

నేటి తెరచాప పడవలకు అమర్చు ఒదిగెడి ప్రొపెల్లరులో ఆ బలగమంతయు గుప్పెడు పండ్లచక్రములలో ఇమిడినది. ప్రొపెల్లరు నడుమ నుండు గుండ్రని పెట్టెను బొడ్డు అందురు. ఇరుసు కొనను ఒక పండ్లచక్రము బిగించియుండును. ప్రతి రెక్క మొదటను మరియొక చిన్న పండ్లచక్రము ఉండి దానితో కలియును. బొడ్డు ఇరుసుతో గట్టిగా బిగిసియుండదు. కొంతమేర వదులుగా తిరుగగలదు. యంత్రము ఇరుసును త్రిప్పగనే నీటిలోని రెక్కలు, బొడ్డు వెంటనే కదలక ఒక్క క్షణము వెనుకబడును. ఆ వెనుకబాటులోనే ఇరుసు మీది చక్రము రెక్కలను మెలిత్రిప్పి వాలుగా నిలుపును. వాలు తగినంత కాగానే లోపలి అడ్డు తగిలి, అటుపై ఇరుసు, బొడ్డు, రెక్కలు అన్నియు కలిసి తిరుగును. యంత్రమును ఆపి ఇరుసును కదలకుండ పట్టినచో ఎదురు వచ్చు నీరే రెక్కలను త్రోసి అంచుమీదికి తెచ్చును. ఇక్కడ విద్యుత్తు లేదు, నూనె ఒత్తిడి లేదు, నావికుడు లాగు త్రాడు లేదు. రెక్కకు అడ్డుపడిన నీటిచేతనే రెక్కను తప్పించుట మిక్కిలి చక్కని యుక్తి.

దానిని అమర్చుట మాత్రము ఓపిక గలవారి పని. పడవను గట్టుకు లాగి నిలిపి, పాత ప్రొపెల్లరును ఊడదీసి, ఇరుసు కొనను శుభ్రపరతురు. ఆ కొన ఏటవాలుగా సన్నగిలియుండును. క్రొత్త ప్రొపెల్లరు రంధ్రము దాని మీద సందు లేకుండ కూర్చుండవలెను. అట్లు కూర్చున్నదో లేదో కంటికి తెలియదు. కావున ఇరుసుకు పలుచగా నీలిరంగు పూసి, ప్రొపెల్లరును ఎక్కించి, మరల తీసి చూచెదరు. లోపల రంగు అంతటను అంటినచో సరియైనది. అక్కడక్కడ మాత్రమే అంటినచో ఇంకను సరిచేయవలెను. రెక్క కొనకును పడవ అడుగునకును నడుమ తగినంత ఎడముండవలెను. రెక్కలు ఒదిగినపుడు వెనుకనున్న చుక్కానికి తగులరాదు. మరబిళ్లను బిగించి, అది సడలిపోకుండ తాళపుచీల వేయుదురు. ఉప్పునీరు లోహమును తినివేయును గనుక దాపున ఒక జింకుముక్కను బిగింతురు. సముద్రము ముందుగా దానిని తిని, ప్రొపెల్లరు జోలికి పోకుండును. జింకు అరిగినపుడెల్ల క్రొత్తది వేయవలెను. లోపలి పండ్లచక్రములకు చమురుముద్ద పట్టింపవలెను. ఇన్నియు చేసి రెక్కల వాలును యంత్రపు బలమునకు సరిపోవునట్లు నిలుపుటలో పొరపడినచో, యంత్రము రొప్పుచు నల్లని పొగ విడుచును గాని తన పూర్తివేగము నందుకొనదు.

ఇంత శ్రమకు దక్కు లాభమెంత? పడవ వేగమును ‘నాట్’లలో కొలుతురు, ఒక నాట్ అనగా గంటకు 1.852 కిలోమీటర్లు. అడ్డుగా నిలిచిన ప్రొపెల్లరు పడవ వేగములో అర నాట్ హరించెననుకొందము. నడకకన్న మెల్లనైన ఈ నష్టము ఒక దినపు విహారములో లెక్కకు రాదు. దూరప్రయాణములో లెక్క వేరు.

2017 సెప్టెంబరు 10 వ తేదీన భారత నౌకాదళపు మహిళాధికారులు ఆరుగురు ‘తారిణి’ అను తెరచాప పడవ మీద గోవా నుండి బయలుదేరి భూమిని చుట్టి 2018 మే 21 న మరల గోవా చేరిరి. ఆ పడవ పొడవు సుమారు 56 అడుగులు. వారిలో ఇరువురు తెలుగు నేలవారు: పి. స్వాతి విశాఖపట్టణపు యువతి. బొడ్డపాటి ఐశ్వర్య సముద్రమే లేని హైదరాబాదు యువతి. వారు నడచిన దారి సుమారు 21,600 నాటికల్ మైళ్లు. ఇపుడు అంత దారి పోవలసిన ఒక పడవను ఊహింపుడు. అది గంటకు 6 నాటికల్ మైళ్ల చొప్పున రేయింబవళ్లు సాగినచో 3,600 గంటలు, అనగా 150 దినములు పట్టును. వేగము 5.5 కు తగ్గినచో ఇంచుమించు 164 దినములు పట్టును. రెండు వారములు ఎక్కువ! ఆ రెండు వారములకును త్రాగునీరు, తిండి పడవలోనే మోయవలెను. దక్షిణసముద్రముల చలిలో, తుపానులలో మరి రెండు వారములు గడుపవలెను. అర నాట్ అనగా ఏమో అపుడు తెలియును.

పడవలో ఆలస్యమగునది విమానములో ప్రాణముల మీదికి వచ్చును. రెండు యంత్రముల విమానము జోడెడ్ల బండి వంటిది. ఒక ఎద్దు లాగుట మానినచో బండి ప్రక్కకు తిరుగును. ఆ ఎద్దు కాళ్లు తన్నిపట్టి వెనుకకు గుంజినచో రెండవ ఎద్దు ఎంత మంచిదైనను ఏమి చేయగలదు? విమానమున ఒక యంత్రము ఆగినపుడు ఎదురుగాలి ఆ ప్రొపెల్లరును గాలిమరవలె త్రిప్పుచుండును. గాలిమర గాలిలోని బలమును కాజేయును. ఇక్కడ ఆ బలము విమానపు వేగమునుండి వచ్చినదే గదా. చచ్చిన యంత్రమును త్రిప్పుటకు బ్రతికిన యంత్రము కష్టపడవలసివచ్చును. విమానము చచ్చిన యంత్రము వైపునకు మొగ్గును.

అమెరికాలో ఫ్రాంక్ కాల్డ్‌వెల్ అను ఇంజనీరు ఎగురుచుండగనే వాలు మార్చుకొనగల ప్రొపెల్లరును రూపొందించి పేరుగాంచెను. ఆయన పనిచేసిన హామిల్టన్ స్టాండర్డ్ కంపెనీకి 1933 సంవత్సరపు కొలియర్ బహుమానము ఇందుకే లభించినది. కొద్దియేండ్లకే అదే కంపెనీ రెక్కలను పూర్తిగా ఒదిగింపగల ‘హైడ్రోమాటిక్’ ప్రొపెల్లరును తెచ్చినది. డకోటా విమానములకు ఇట్టి ప్రొపెల్లరులే ఉండెడివి. హైదరాబాదువారికి డకోటా పరాయిది కాదు. 1945 లో ఏర్పడి 1953 లో జాతీయమైన దక్కన్ ఎయిర్‌వేస్ సంస్థ బేగంపేట నుండి డకోటాలనే నడిపినది. భారతదేశమున వాణిజ్య విమానము నడపిన తొలి మహిళయైన ప్రేమ్ మాథుర్‌కు 1947 లో ఉద్యోగమిచ్చినదియు ఆ సంస్థయే. డకోటాలో యంత్రము చెడినపుడు పైలట్ ఒక బొత్తాము నొక్కును. చిన్న పంపు నూనెను బలముగా పంపగా మూడు రెక్కలును అంచు తిరిగి నిలుచును.

ఏ.టి.ఆర్. విమానములో ఈ ఏర్పాటు ఇంకను నాజూకైనది. ప్రొపెల్లరు అడ్డుకొలత 3.93 మీటర్లు. రెక్కలు లోహముతో గాక గట్టి నారలను జిగురుతో అతికి చేసినవి. విమానము నేల విడుచునపుడు ప్రొపెల్లరు నిమిషమునకు 1,200 చుట్లు తిరుగును. సెకండుకు 20 చుట్లు. రెక్క కొన సెకండుకు ఇంచుమించు 247 మీటర్లు పరుగిడును. విమానము కదలక నిలిచియున్నను ఆ కొన గంటకు 890 కిలోమీటర్ల వేగమున పోవుచున్నదన్నమాట. రెక్కల వాలును నూనె ఒత్తిడి మార్చుచుండును. ఆ ఒత్తిడి తప్పిపోయినచో ఏమగును? రెక్కల మొదళ్లయందు ప్రతిభారములున్నవి. తిరుగు వేగమున కవి రెక్కలను ఎల్లపుడు పెద్దవాలు వైపునకే లాగుచుండును. కావున నూనె లేకపోయినను రెక్కలు అడ్డము తిరుగవు. పూర్తిగా ఒదిగించుటకు విద్యుత్తుతో నడచు వేరొక పంపు కలదు. చెడిపోయినను మేలైన వైపునకే చెడిపోవునట్లు యంత్రమును కల్పించుట ఇందలి తెలివి.

నేల విడుచు వేళ ఒక యంత్రము బలము పడిపోయినచో పైలట్ చేయికొరకు కూడ ఈ విమానము వేచియుండదు. రెండు సెకండ్ల మేరకు చూచి, ఆ ప్రొపెల్లరును తానే ఒదిగించును. రెండవ యంత్రపు బలమును అంతకుముందే పెంచియుండును.

శంషాబాదులో కంటబడు మరియొక విశేషము కూడ చెప్పదగినది. ఏ.టి.ఆర్. కుడివైపు యంత్రము గీపెట్టుచుండగనే దాని ప్రొపెల్లరు కదలక నిలిచియుండుట అప్పుడప్పుడు కనబడును. ప్రొపెల్లరును త్రిప్పు చక్రమునకును, గాలిని అదుము చక్రమునకును నడుమ ఇరుసు బంధము లేదు. వేడిగాలి మాత్రమే వానిని కలుపును. కావున ప్రొపెల్లరును ఒదిగించి, బ్రేకుతో పట్టి నిలిపి, యంత్రమును మాత్రము నడుపుచు లోపలివారికి విద్యుత్తును, చల్లని గాలిని ఇచ్చెదరు. ప్రయాణికులు ఎక్కు ద్వారము ఎడమవైపున ఉన్నది.

రక్షించునట్టి ఈ ఏర్పాటే వేళ తప్పినచో ఎంత కీడు చేయునో 2023 జనవరి 15 న నేపాలమున కనబడినది. ఖాట్మండు నుండి బయలుదేరిన యేతి ఎయిర్‌లైన్స్ వారి ఏ.టి.ఆర్. 72 విమానము పొఖరాలో దిగబోవుచుండెను. దిగుటకు ముందు పెద్దరెక్కల వెనుకనుండు ఫ్లాపులను దింపవలెను. పైలట్ల నడుమ పీఠము మీద ఫ్లాపుల మీటకు ప్రక్కనే ప్రొపెల్లరుల మీటలు రెండును ఉన్నవి. ఫ్లాపులను దింపుమన్నపుడు రెండవ పైలట్ చేయి పొరపాటున ఆ రెండు మీటల మీద పడినదని విచారణసంఘము తేల్చినది. రెండు ప్రొపెల్లరులును ఒక్కసారిగా ఒదిగిపోయినవి. యంత్రములు రెండును నడచుచునే యున్నవి, చెడినదేదియు లేదు. కాని రెక్కలు గాలిని నెట్టుట మానినవి. నేల అతి సమీపమున నుండెను. వేగము తగ్గిపోవుచుండగా, బలము రాకుండుటను పైలట్లు గమనించిరి గాని కారణము తోచలేదు. సుమారు ఒక నిమిషములో విమానము లోయలో కూలినది. అందున్న 72 మందిలో ఒక్కరును మిగులలేదు.

ఆ పైలట్లను నిందించుట సులభము. కాని అనుభవము గలవారి చేయియు అలవాటుపడిన దారిలో తప్పగలదను సంగతిని ఎరిగినందువలననే విమానములలో మీటల పిడులను వేర్వేరు ఆకారములతో చేయుదురు. ఒకరు కోరినదానిని రెండవవారు బిగ్గరగా పలికి, కన్నులతో చూచి, ఆ పిమ్మటనే కదల్పవలెనని నియమించిరి. పలుకుట, చూచుట, కదల్చుట — ఈ మూడింటికి పట్టు కాలము రెండు మూడు సెకండ్లు.

శంషాబాదు విమానాశ్రయపు ఆవరణలోనే విమానములను విప్పి పరీక్షించి బాగుచేయు పెద్ద షెడ్లు ఉన్నవి. జి.ఎం.ఆర్. ఏరో టెక్నిక్ సంస్థ అచ్చట పెద్ద జెట్ విమానములతో పాటు ఏ.టి.ఆర్. లను కూడ సరిచూచును. ప్రొపెల్లరు రెక్కను పరీక్షించు విధము వినుటకు చిత్రముగా నుండును. రాయి తగిలి పైన చిన్న గాటు పడినచో కంటికి తెలియును. లోపలి పొర విడినచో తెలియదు. అందుకు నాణెము వంటి చిన్న లోహపు బిళ్లతో రెక్క పొడవునను మెల్లగా తట్టుచు పోవుదురు. గట్టిగా ఉన్నచోట ధ్వని ఖణిల్లుమనును. పొర విడినచోట బొదబొదమనును. మట్టికుండను కొనునపుడు వ్రేలితో తట్టి చూచు గృహిణికి ఈ విద్య కొత్తది కాదు. ఆరు రెక్కలలో ఒకటి పాడైనచో మొత్తము ప్రొపెల్లరును తీయనక్కరలేదు. ఆ ఒక్క రెక్కనే మార్చవచ్చును. ఐతే క్రొత్త రెక్క తక్కినవానితో తులతూగవలెను. కొంచెము తేడా యున్నను సెకండుకు ఇరువదిచుట్లు తిరుగునపుడు విమానమంతయు అదరును. కావున యంత్రమును నడిపి, అదురును కొలిచి, చిన్న చిన్న బరువులను చేర్చి సరిచేయుదురు. పిదప ప్రొపెల్లరును ఒదిగించి, మరల విప్పి చూచెదరు.

రాత్రి విమానము నేలమీద నిలిచియున్నపుడు ప్రొపెల్లరు రెక్కకు ఒక పట్టీ తొడిగి కట్టివేయుదురు. ఇరుసు బంధము లేదు గనుక, శంషాబాదు మైదానమున వీచు గాలికి అది ఊరకయే తిరుగుచుండును. తెల్లవారి మొదటి ప్రయాణమునకు ముందు విమానము చుట్టును నడచి పరీక్షించు పైలట్ ఆ పట్టీ తీసిరో లేదో చేతితో తాకి చూచుకొనును.